చీటీ మావయ్యకు చీటీ ఎవరిస్తారు?

నిన్న రేవు కార్యాలయం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పాత క్వారంటైన్ ఆసుపత్రి ఉన్న చోట పార్కు కడుతున్నారట, గుమ్మం దగ్గర దాని చరిత్ర రాసి బోర్డు పెడతారట. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళలో ఇంకా ప్రాణాలతో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే దొరికానని, రాసిందాన్ని ఒకసారి చూసి పెట్టమన్నాడు. చూశాను. ఏడు వాక్యాలు. ఓడల్లో అంటురోగాలతో వచ్చినవాళ్ళను అక్కడ దించేవారు, గోడ ఇంత ఎత్తు, మంచాలు ఇన్ని. ఆఖరి వాక్యం: "ఆసుపత్రి మూతపడిన తరువాత సిబ్బంది కుటుంబాలు పట్నానికి తరలివెళ్ళాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. తరలివెళ్ళడానికి మేమేమన్నా పెళ్ళివారమా?

"అందరూ వెళ్ళలేదు బాబూ. ఒక మనిషికి ఆ గేటు దాటడానికి పదకొండేళ్ళు పట్టింది. అది రాయండి" అన్నాను.

"ఎవరండీ ఆయన?"

"మా నాన్న."

పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. బోర్డులో అంత చోటు లేదన్నాడు. లేకపోతే పోయింది, కాగితానికేం కరువు? నేనే రాస్తాను.

ఆసుపత్రి సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతినేల మీద ఉండేది. మూడు వైపులా నీళ్ళు, నాలుగో వైపు గోడ, గోడకు ఒకటే గేటు. రోగుల వార్డులు నీటి వైపు, మా ఇళ్ళు గోడ వైపు. ఇరవైయారు గుమ్మాలు ఒకే చూరు కింద బారుగా ఉండేవి. దాన్ని 'వరస' అనేవాళ్ళం. వంటవాళ్ళు, నర్సులు, లాండ్రీవాళ్ళు, పడవవాళ్ళు, రోగుల బట్టలూ పరుపులూ ఆవిరిలో ఉడకబెట్టే ఆవిరిగదివాళ్ళు, గోతులు తవ్వేవాళ్ళు, అందరం ఆ వరసలోనే. ఒకరింట్లో తుమ్మితే ఏడో ఇంట్లోవాళ్ళు ఉలిక్కిపడేవారు. తుమ్మంటే మాకు వట్టి తుమ్ము కాదు మరి.

వరసలోవాళ్ళు గేటు దాటాలంటే ముందు గేటు పక్కనున్న పొడుగాటి గదిలో పది రోజులుండాలి. ఆ పది రోజులూ వాళ్ళు ఎవరినీ ముట్టుకోకూడదు, వాళ్ళనెవరూ ముట్టుకోకూడదు. పొరపాటున చెయ్యి తగిలిందా, లెక్క మళ్ళీ ఒకటి నుంచి. పదీ పూర్తయితే పెద్ద డాక్టరు సంతకంతో చీటీ వస్తుంది. చీటీ చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. ఊళ్ళో ఒక పూట పని కోసం పది రోజులు గదిలో కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళాలంటే మళ్ళీ పది. దాంతో పెద్దవాళ్ళు వెళ్ళడం మానేశారు, పిల్లలకు వెళ్ళాలని తోచేది కాదు. ఇరవై ఒకటి నిండేదాకా నాకు తెలిసిన బయటి ప్రపంచమంతా గేటుకున్న చిన్న కిటికీలోంచి కనిపించినంతే. ఒక దీపస్తంభం, ఒక సగం గోడ, వాన పడితే ఒక నీళ్ళ గుంట. ఆ గుంటంటే నాకెంత ఇష్టమో చెప్పలేను.

మాకింకో అలవాటుండేది. ప్రతి గుమ్మం ముందూ మోకాలెత్తు రాతిదిమ్మ ఉండేది. ఎవరికేమివ్వాలన్నా చేతికివ్వం. దిమ్మ మీద పెట్టి మూడడుగులు వెనక్కి వేస్తాం, అప్పుడు వాళ్ళొచ్చి తీసుకుంటారు. నడక వచ్చిన నాటి నుంచే పిల్లలకు ఈ మూడడుగులు నేర్పేవారు. పోట్లాడుకునేటప్పుడు కూడా మూడడుగుల దూరం నుంచే పోట్లాడుకునేవాళ్ళం కాబట్టి మా వరసలో అందరివీ పెద్ద గొంతులు. నాది ఇప్పటికీ తగ్గలేదని మా అమ్మాయి అంటుంది.

మా నాన్న గేటు మనిషి. వరసంతా ఆయన్ని చీటీ మావయ్య అనేవారు. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ మూతి బిగించుకుని ఉండేవాడు. ఎప్పుడైనా నవ్వొస్తే, నవ్వును చీటీ లేకుండా వదిలేశానేమో అన్నట్టు వెంటనే పెదాలు మూసేసేవాడు. పెద్ద డాక్టరు సంతకం వంకరగా పడిందని ఆయన్నే వెనక్కి పంపి మళ్ళీ పెట్టించిన మొండిఘటం. మా అమ్మ నా ఆరో ఏట వార్డులో పోయింది. అప్పటి నుంచీ నన్ను పెంచింది నాన్నా, ఆవిరిగది నడిపే ఆవిరక్కా.

పధ్నాలుగేళ్ళప్పుడు ఒకసారి నాన్న మీద విసుక్కుంటుంటే ఆవిరక్క నన్ను పక్కకు పిలిచింది. "మీ నాన్న పుట్టుకతోనే ఇలా లేడే" అంది. "నీకు మేనమామ ఉండేవాడు తెలుసా? ఇక్కడే వంటవాడు. ఊళ్ళో వాళ్ళావిడకి కానుపయ్యింది. గదిలో తొమ్మిదో రోజున మీ నాన్నని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాడు, తొమ్మిదికీ పదికీ తేడా ఏముంది బావా, ఒక్కరోజేగా అని. మీ నాన్న జాలిపడి గేటు తీశాడు. వారం తిరక్కుండా ఆ ఇంట్లో నలుగురు పోయారే. పసిగుడ్డు కూడా. పెద్ద డాక్టరు కప్పిపుచ్చాడు కాబట్టి ఉద్యోగం మిగిలింది. మనిషే మిగల్లేదు."

ఆ తర్వాత నేను నాన్న మీద విసుక్కోవడం మానలేదు గానీ, కాస్త నెమ్మదిగా విసుక్కున్నాను.

నాకు ఇరవై ఒకటి నిండిన ఏడు ఆసుపత్రి మూసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి మా వార్డుల్లో రోగి అన్నవాడు కనబడి మూడేళ్ళు. మూడు నెలల్లో అందరూ ఖాళీ చెయ్యాలన్నారు. ఆ సాయంత్రమే పెద్ద డాక్టరు పెట్టె సర్దుకున్నాడు. డాక్టర్లకు పది రోజుల నియమం వర్తించదు. చదువుకున్నవాళ్ళంటే రోగాలకు గౌరవం కాబోలు.

"మరి మావాళ్ళకి చీటీలెవరిస్తారు సార్?" అనడిగాడు నాన్న గేటు దగ్గర.

"ఇంకా చీటీలేంటయ్యా! ఆ గేటు తీసి పారెయ్" అన్నాడు డాక్టరు.

"ఆ ముక్కే రాసివ్వండి."

డాక్టరు నవ్వి బండెక్కాడు. రాసివ్వలేదు. రెండు మాటలు రాసిచ్చుంటే ఆయన చెయ్యేమీ అరిగిపోయేది కాదు. అప్పుడు నేనీ కథ రాయాల్సిన పనే ఉండేది కాదు.

నాన్న నియమాల పుస్తకం ముందేసుకున్నాడు. పెద్ద డాక్టరు లేనప్పుడు, గేటు తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పది రోజులూ కళ్ళారా చూసి చీటీ రాయొచ్చని అందులో ఉంది. అంతే, దాన్ని పట్టుకున్నాడు. వరసలో నూటనాలుగు మందిమి, గదిలో పన్నెండు మంచాలు. పది రోజులకో జట్టు చొప్పున మూడు నెలల్లో అందరూ వెళ్ళొచ్చని లెక్క తేల్చాడు.

గోడ దూకి పోలేదా అని మీరడుగుతారు. దూకలేదు. అసలు ఆ ఊహే ఎవరికీ రాలేదు. చీటీ లేకుండా బయటికెళ్తే జనం చచ్చిపోతారని ఉగ్గుపాలతో పాటు తాగినవాళ్ళం మేము. ఆసుపత్రి మూతపడిందని మాలో భయం మూతపడుతుందా? నాలుగో జట్టులో లాండ్రీ ఆయన ఎనిమిదో రోజున వాళ్ళావిడ చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నావయ్యా అంటే చెప్పకుండా మెలికలు తిరిగిపోయాడు. వాళ్ళావిడ కోపమంతా వరస ఈ చివర నుంచి ఆ చివరకు వినబడింది. ఇద్దరూ కుక్కిన పేనుల్లా మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టారు. గేటు దూకుదామని మాత్రం వాళ్ళూ అనలేదు.

నాకు పట్నంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. నెలాఖరు సోమవారం ఉదయం తొమ్మిదికి వచ్చి చేరకపోతే ఇంకొకరికిస్తామని కాగితం. నన్ను ముందు జట్టులో వెయ్యమని నాన్నను బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. సొంత కూతురికి ముందు చీటీ ఇచ్చుకున్నాడని ఒక్కరు కూడా అనకూడదట. నన్నూ ఆవిరక్కనూ ఆఖరి జట్టులో వేశాడు. నా పదో రోజు సరిగ్గా ఆ సోమవారం ముందు ఆదివారం. ఒక్క చెయ్యి తగిలితే చాలు, ఉద్యోగం గోవిందా. ఆ పది రోజులూ మోకాళ్ళు కావిలించుకుని మంచం మధ్యలో కూర్చున్నాను. ఎవరైనా మా మంచాల మధ్య నడిస్తే ఊపిరి బిగపట్టేదాన్ని. ఆ గదికి ఎత్తున రెండు కిటికీలుండేవి, వాటిలోంచి ఆకాశం తప్ప ఏమీ కనిపించేది కాదు. గోడలు రోజురోజుకూ దగ్గరికొస్తున్నాయని ఏడో రోజున నిజంగానే నమ్మాను. అడుగులతో కొలిచి చూసుకున్నాను కూడా.

ఆదివారం నాన్న నా చీటీ రాశాడు. పేరు, రోజులు, తేదీ. "వెళ్ళే చోటు?" అనడిగాడు, తెలియనట్టు.

"టెలిఫోన్ ఎక్స్ఛేంజి" అన్నాను.

ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, దిమ్మ మీద పెట్టి, మూడడుగులు వెనక్కి వేశాడు. తీసుకున్నాను. గేటు తెరుచుకుంది.

"నువ్వెప్పుడొస్తావు నాన్నా?"

"నాకూ పది రోజులుంటుంది కదే" అన్నాడు.

నమ్మాను.

మర్నాడు ఎక్స్ఛేంజిలో సూపర్వైజరమ్మ నా చేతికి హెడ్‌ఫోను అందించింది. నేను టక్కున మూడడుగులు వెనక్కేసి, ఆవిడ దాన్ని బల్ల మీద పెడుతుందేమోనని నిలబడ్డాను. వెనకున్న అమ్మాయి కాలు తొక్కాను. ఆ రోజు నుంచి అక్కడ నా పేరు మూడడుగులమ్మ. వాళ్ళు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. గదికెళ్ళి ఏడ్చేదాన్ని. మనుషులు చేతుల్లోంచి చేతుల్లోకి ఎంత తేలిగ్గా ఇచ్చిపుచ్చుకుంటారో అప్పుడే చూశాను.

పది రోజులు దాటాయి. నాన్న రాలేదు. పధ్నాలుగో రోజు ఆదివారం, పరిగెత్తుకుంటూ గేటు దగ్గరికెళ్ళాను. కిటికీ తట్టాను. నాన్న ముఖం కనిపించింది. గడ్డం గీసుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని తయారుగా ఉన్నాడు.

"పది అయిపోయాయిగా? ఏంటింకా?" అన్నాను.

"ఎప్పుడో అయ్యాయి."

"మరి రా!"

"చీటీ ఏది?"

"రాసుకో! పెన్ను లేదా నీకు?"

"ఎవరి చీటీ వాళ్ళు రాసుకోకూడదే. పుస్తకంలో ఉంది."

పుస్తకం తెరిచిన మొదటి రోజే ఈ మనిషికి తెలుసు. తెలిసి నూటముగ్గురినీ ఒక్కొక్కరినీ బయటికి పంపించాడు.

"మరి నాకు ముందే చెప్పలేదేం?"

"చెబితే నువ్వు వెళ్ళేదానివా? ఎవరో ఒకరు ఆఖరు కావాలి కదా."

"తాళంచెవి ఇటివ్వు. నేను లోపలికొస్తాను. పది రోజులు చూసి నీ చీటీ నేను రాస్తాను."

"ఆ తర్వాత నీకెవరు రాస్తారు?"

"నాకక్కర్లేదు! చీటీ లేకుండా దర్జాగా నడుచుకుంటూ వచ్చేస్తాను. ఎవరాపుతారో చూస్తాను!"

"మరి ఉద్యోగం?" అన్నాడు.

మొదటి ఆరు నెలలూ ఒక్క రోజు కూడా నాగా పెట్టకూడదు. పెడితే ఉద్యోగం పోతుంది. ఆ ఒక్క మాటతో నా ఇంత పెద్ద నోరూ పడిపోయింది. గేటు మీద చెయ్యి పెట్టి అలా నిలబడ్డాను. నాన్న నా జవాబు కోసం ఎదురుచూశాడు. అది నాకు తెలుసు, ఎదురుచూశాడు. నేనేమీ అనకపోయేసరికి, "వెళ్ళమ్మా, రేపు పొద్దున్నే పనికెళ్ళాలి కదా" అని కిటికీ మూసేశాడు.

నేను వెళ్ళిపోయాను. బోర్డు మీద ఎలాగూ రాయరు, నేనే రాసుకుంటున్నాను. ఆరు నెలలు గడిచాక సెలవు పెట్టి లోపలికెళ్తానని నాకు నేను చెప్పుకున్నాను. ప్రతి ఆదివారం రొట్టెలూ, పాలూ, ఉతికిన బట్టలూ తీసుకెళ్ళి గేటు ముందు పెట్టి మూడడుగులు వెనక్కి వేసేదాన్ని. ఇరవైయారు గుమ్మాల వరసలో ఒక్క మనిషి. రోజూ అన్ని గుమ్మాల ముందూ తుడుస్తున్నానని ఒకసారి చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు.

రెండు నెలలు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం ఎక్స్ఛేంజిలో స్విచ్‌బోర్డు దగ్గర కూర్చుని ఎవరిదో కాల్ కలిపాను. కూల్చివేత మేస్త్రీ రేవు కార్యాలయానికి ఫోను చేస్తున్నాడు. "సార్, గేటు పగలగొట్టాం. లోపలొక ముసలాయన ఉన్నాడు. ముట్టుకోవద్దు ముట్టుకోవద్దని ఒకటే అరుపు. నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకొచ్చి రోడ్డు మీద దింపారు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు సార్. ఏం చెయ్యమంటారు?"

హెడ్‌ఫోను అక్కడే పడేసి పరిగెత్తాను. నాన్న దీపస్తంభం కింద కూర్చుని ఉన్నాడు, పక్కనే నా చిన్నప్పటి నీళ్ళ గుంట. పిడికిట్లో గేటు తాళంచెవి. వెళ్ళి భుజం పట్టుకున్నాను. తలెత్తి నన్ను చూసి, "ఒకటి" అన్నాడు.

పని మధ్యలో వదిలేసి పోయినందుకు నా ఉద్యోగం పోలేదు. సూపర్వైజరమ్మ పల్లెత్తు మాట కూడా అనలేదు. "ముందే చెప్పుంటే పది రోజులు నేనే సర్దేదాన్ని కదే" అంది. ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నాన్న పదకొండేళ్ళు నా ఇంట్లో ఉన్నాడు. ఉన్నాడని నేనంటున్నాను. ఆయన లెక్కలో మాత్రం ఇంకా గేటు లోపలే ఉన్నాడు. వీధి గుమ్మం దాటేవాడు కాదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను ఎక్స్ఛేంజిలో ఒక లైన్‌మన్‌ను పెళ్ళి చేసుకున్నాను, కూతురు పుట్టింది. పొద్దున లేవగానే చంటిది దోగాడుతూ వెళ్ళి తాత మోకాలు పట్టుకునేది. "ఒకటి" అనేవాడు. స్నానానికి మా ఆయన చెయ్యందిస్తే, "ఒకటి." నేను నుదురు తాకి చూస్తే, "ఒకటి." కోపం లేదు, విసుగు లేదు, గోడ గడియారం కొట్టినట్టు అనేవాడు. పదకొండేళ్ళలో ఆ లెక్క రెండుకు వెళ్ళలేదు. మా అమ్మాయి బడిలో చేరేదాకా వాళ్ళ తాత పేరే 'ఒకటి' అనుకునేది.

"వదిలెయ్ నాన్నా, ఆ వరసా లేదు, ఆ గోడా లేదు" అనేదాన్ని.

"నాకూ తెలుసు. నేనేం పిచ్చివాణ్ణి కాదు" అనేవాడు.

పదకొండో ఏట గుండె బలహీనపడింది. డాక్టరొచ్చి చూసి, మందులు రాసి, నన్ను బయటికి పిలిచి ఇంకో పదిహేను రోజులు ఉంటే ఎక్కువన్నాడు. లోపలికెళ్ళేసరికి నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. దిండు కింద నుంచి తాళంచెవి తీసి, పక్కనున్న స్టూలు మీద పెట్టాడు. వెనక్కి వెయ్యడానికి అడుగుల్లేవు కాబట్టి గోడ వైపు జరిగాడు.

"ఒక్క సాయం చెయ్యవే" అన్నాడు. "పది రోజులు నన్నెవరూ ముట్టుకోవద్దు. నువ్వు చూడు. చీటీ లేకుండా పోలేను."

ఆ మధ్యాహ్నం నేను నానా మాటలూ అన్నాను. చచ్చేముందు కూడా నీ పుస్తకమేనా, నిన్ను ముట్టుకోకుండా పది రోజులు నేనెలా ఉండాలి, ఇదేం పగ నాన్నా అని. అంతా విన్నాడు. స్టూలు మీద తాళంచెవి అలాగే ఉంది. పదకొండేళ్ళ కిందట కిటికీ దగ్గర ఎలా ఎదురుచూశాడో అలాగే చూస్తున్నాడు. తాళంచెవి తీసుకుని నడుముకు కట్టుకున్నాను.

మా అమ్మాయి మంచం చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. స్టూలు మాకు దిమ్మ. కంచం పెట్టి మూడడుగులు, మందు పెట్టి మూడడుగులు. ఎక్స్ఛేంజిలో పది రోజులు సెలవు పెట్టాను. ఇచ్చారు. ఎంత తేలిగ్గా ఇచ్చారో. మూడు, నాలుగు రోజుల దాకా నాన్న గోడ పట్టుకుని స్నానాలగదికి తానే వెళ్ళొచ్చేవాడు. ఆయన వెనకే మూడడుగుల దూరంలో చేతులు చాచుకుని నేను నడిచేదాన్ని, పడితే పట్టుకుంటానో లేదో నాకే తెలియకుండా. ఐదో రోజున దుప్పటి జారితే బూజుకర్రతో పైకి లాగాను. అది చూసి నాన్న నవ్వాడు. మూతి బిగించుకోకుండా నవ్వాడు. అలా నవ్వగలడని నాకు తెలియదు.

తర్వాత నవ్వులేం లేవు. దగ్గొస్తే వీపు నిమరలేక పిడికిళ్ళు బిగించి నిలబడేదాన్ని. మా ఆయన చూడలేక బయటికి పోయేవాడు. తప్పనిసరైతే తప్ప ఆ గదిలోంచి నేను కదల్లేదు, పది రోజులూ కళ్ళారా చూడాలి కదా. అది మళ్ళీ ఆ పొడుగాటి గదే అయింది. ఈసారి మంచం మీద ఆయన, తాళంచెవితో నేను.

తొమ్మిదో రోజు పొద్దున నాన్న గ్లాసు ఎత్తలేకపోయాడు. నీళ్ళన్నీ గుండెల మీద పోయాయి. పొడుగు గరిటె తెచ్చి, "గరిటె లెక్కలోకొస్తుందా?" అనడిగాను.

"ఉడకబెడితే రాదు" అన్నాడు ఆయాసపడుతూ.

ఉడకబెట్టి గరిటెతో నీళ్ళు పట్టాను. మధ్యాహ్నానికి గొంతులో గురగుర మొదలైంది. నాకు పిచ్చెక్కినట్టయింది. కాగితం తెచ్చాను. "ఇప్పుడే రాసేస్తాను నాన్నా. తొమ్మిదయ్యాయి. ఒక్కరోజేగా! నీ దగ్గరికి రానివ్వు నన్ను!"

నాన్న కళ్ళు తెరిచాడు. "మీ మావయ్య కూడా ఇదే మాటన్నాడే" అన్నాడు. ఆ మనిషి మాట ఆయన నోట విన్నది అదే మొదటిసారి. "ఆ పసిగుడ్డుకి పేరు కూడా పెట్టలేదింకా."

కాగితం మడిచి పక్కన పెట్టి, గీత అవతల నేల మీద కూర్చున్నాను. ఉండు నాన్నా, ఇంకొక్కరోజు ఉండు అని ఎన్నిసార్లు అన్నానో. ఉన్నాడు. మొండిఘటం కదా.

పదో రోజు నిండింది. కాగితం మీద పేరు రాశాను. రోజులు: పది. "వెళ్ళే చోటు?" అని గట్టిగా అడిగాను. "నాన్నా, ఎక్కడికని రాయను?"

చాలాసేపు ఆలోచించాడు. నూటముగ్గురికి రాసినవాడు, తనకేం రాయాలో ఎప్పుడూ అనుకోలేదు కాబోలు.

"గేటు బయటికి అని రాయి" అన్నాడు. "చాలు."

రాసి, సంతకం పెట్టి, స్టూలు మీద పెట్టి మూడడుగులు వెనక్కి వేశాను. చీటీ అందుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చదివాడు. "తేదీ ఏదే?" అన్నాడు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు. ఆయన స్టూలు మీద పెడితే తీసుకుని తేదీ వేశాను. మళ్ళీ స్టూలు మీద పెట్టబోతుంటే నాన్న చెయ్యి చాచాడు.

"చేతికివ్వు" అన్నాడు.

ఇచ్చాను. చీటీతో పాటు నా చెయ్యి కూడా పట్టుకున్నాడు. ఒకటి అనలేదు. మంచం మీదెక్కి ఆయన పక్కన పడుకుని, పది రోజులదీ పదకొండేళ్ళదీ కలిపి ఏడ్చాను. నా తల నిమురుతూనే ఉన్నాడు. సాయంత్రం దీపాలు పెట్టకముందే పోయాడు, చీటీ పిడికిట్లోనే ఉంది. దానితోనే పంపించాం.

తాళంచెవి నా దగ్గరే ఉంది. నిన్న బోర్డు ఆయన వెళ్తూ వెళ్తూ, పాత వస్తువులేమన్నా ఉంటే అద్దాల పెట్టెలో పెడతామన్నాడు. లేవన్నాను. ఆయన వెళ్ళాక పెట్టెలోంచి తీసి చూసుకుంటుంటే మా అమ్మాయి వచ్చింది. తనకిప్పుడు నలభై దాటాయి, తాత నవ్వు తనకొచ్చింది.

"ఎన్నాళ్ళు దాచుకుంటావమ్మా? ఇలా ఇవ్వు, ఇక నుంచి నేను చూసుకుంటాను" అని చెయ్యి చాచింది.

చేతికిస్తే సరిపోయేది. కానీ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఆఖరు, వాళ్ళకు చీటీ రాసేవాళ్ళుండరు. నేను తాళంచెవిని కొంగులో ముడేసుకుని, మూడడుగులు వెనక్కి వేశాను.